ఆరున్నరకు వచ్చే లైను

ఆర్మూర్ పాత బస్టాండు వెనక సందులో ఒక విత్తనాల కొట్టు ఉంది. దాని పక్కనున్న ఇనుప మెట్లెక్కితే వచ్చే గదే లింబాద్రి కంప్యూటర్ రిపేరు దుకాణం. పదిహేనేళ్ల కింద ఆ గదిలో కాలు పెట్టే చోటుండేది కాదు. గల్ఫ్‌కు పోయిన మగవాళ్లు ఇంటి దగ్గర కంప్యూటర్లు పెట్టించుకునే రోజులవి. పొద్దు వాలితే చాలు, ఒక్కో ఊరి నుంచి ఒక్కో ఫోను. "లింబన్నా, మాట ఇనవస్తుంది గని మనిషి కనిపిస్తలేడు." "లింబన్నా, బొమ్మ అట్లనే ఆగిపోయింది." టూల్‌కిట్టు బండికి తగిలించుకుని ఆలూర్, జక్రాన్‌పల్లి, ధర్పల్లి దాకా తిరిగేవాడు. తర్వాత అందరి చేతుల్లోకీ సెల్లులొచ్చాయి. కంప్యూటర్లు అటకెక్కాయి. ఇప్పుడు రోజుకు ఒక్కరొస్తే గొప్ప, అదీ ప్రింటు కోసమే.

లింబాద్రికి యాభై రెండేళ్లు. భార్య గంగమణి పోయి నాలుగేళ్లయింది. బిడ్డ పూజిత కరీంనగర్‌లో కాపురం చేసుకుంటోంది, ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. మిగతా ఆరు రోజులు అతనితో మాట్లాడేవి మిషన్లే. పాత డెస్క్‌టాప్‌లకు వాటి భాష ఒకటుంటుంది. లోపల అంతా సవ్యంగా ఉంటే ఆన్ చేయగానే ఒక్క చిన్న బీప్. మెమొరీ కుదరకపోతే ఆగకుండా పొడుగు పొడుగు బీపులు. ఆ చిన్న బీప్ వినగానే "ఆఁ, ఉన్న, చెప్పు" అనడం అతనికి అలవాటైపోయింది. గదిలో ఎవరూ లేనప్పుడు మనిషికి తన గొంతైనా తనకు వినిపించాలి కదా.

అది ఫిబ్రవరి చివర. పసుపు ఉడకబెట్టే రోజులు. ఊరి చుట్టూ కళ్లాల్లో బాయిలర్లు పొగలు కక్కుతున్నాయి. మట్టి వాసనా పచ్చి దుంప వాసనా కలిసి బట్టలకు పట్టుకుని వదలడం లేదు. మధ్యాహ్నం రెండింటికి లింబాద్రి సెల్లు మోగింది.

"అన్నా, నేను ఆలూర్ నుంచి విజయశ్రీని. భూమేష్ ఇంటామెను. మా కంప్యూటర్ నువ్వే బిగిచ్చినవు."

అతనికి వెంటనే గుర్తొచ్చింది. రెండు వేల పదిలో సెలవు మీద వచ్చినప్పుడు ఆ భూమేష్ తనే వచ్చి కూర్చుని, ఒక్కో పార్టూ చేత్తో పట్టి చూసి కొన్నాడు. కెమెరా మాత్రం మంచిది కావాలని పట్టుబట్టాడు. "నా మొఖం ఎట్ల కనవడ్డా ఫికర్ లేదన్నా. ఆమె మొఖం నాకు మంచిగ కనవడాలె" అన్నాడు.

"ఏమైంది చెల్లె?"

"స్టార్టింగ్ మంచిగ లేదు."

"వస్తలేదా?"

"నువ్వొకసారి రారాదు అన్నా. పొద్దు గూకకముందే రా."

నాలుగింటికల్లా లింబాద్రి ఆలూర్‌లో ఉన్నాడు. ఊరు దాటినాక, పొలాలకు ఆనుకుని ఉన్న చివరి ఇల్లు అది. రెండు గదులు, ముందు వసారా. ఎదురుగా ఎవరిదో కళ్లం నిండా ఉడికిన పసుపు ఆరబోసి ఉంది. విజయశ్రీ వసారాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నలభై ఐదేళ్లుంటాయి. మెడలో నల్లపూసలున్నాయి, కాళ్లకు మెట్టెలున్నాయి, నుదుట బొట్టుంది. ఆ బొట్టు వైపు చూసి లింబాద్రి చూపు తిప్పుకున్నాడు. భూమేష్ సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పన్నెండేళ్ల కింద గల్ఫ్‌లోని కూలీల క్యాంపు నుంచి ఎటో పోయాడని కంపెనీ వాళ్లు ఒక్క కాగితం పంపారు. అంతే. మనిషి రాలేదు, పెట్టె రాలేదు, ఎక్కడున్నాడో కబురు కూడా రాలేదు.

కంప్యూటర్ లోపలి గదిలో ఉంది. చిలకలు కుట్టిన గుడ్డ కప్పి ఉంది దాని మీద. వెనక బొర్ర ఉన్న పాత మానిటర్, నల్ల డబ్బా. కెమెరా వైరు పీకేసి, చుట్ట చుట్టి గూట్లో పెట్టింది. లింబాద్రి బటన్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది. వెంటనే పొడుగు బీప్... ఆగి మళ్లీ పొడుగు బీప్... తెర నల్లగానే ఉంది.

"మెమొరీ," అన్నాడు తేలిగ్గా. "గంతే చెల్లె. పాతదాయె గదా."

కరెంటు తీసి డబ్బా పక్క రేకు విప్పాడు. లోపల బూజు ఉంటుందనుకున్నాడు, చచ్చిన బల్లులుంటాయనుకున్నాడు. అవేవీ లేవు. అడుగున మాత్రం సన్నని ఇసుక పేరుకుని ఉంది. పిండిలాంటి తెల్లటి ఇసుక. ఇక్కడి నేల నలుపో ఎరుపో గానీ ఆ రంగు ఎక్కడా చూడలేదు. బ్రష్షుతో ఊడ్చి కాగితంలోకి తీసి, కిటికీలోంచి పారబోశాడు.

మెమొరీ పట్టీలు రెండూ ఊడదీశాడు. వాటి అంచున ఉన్న బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. అవి బిగించే గాడుల్లో నోటితో ఊదాడు. మొదటి పట్టీ ఒక్కదాన్నే పెట్టి చూస్తే మళ్లీ పొడుగు బీపులే. దాన్ని తీసి రెండోది పెట్టాడు. ఈసారి ఒక్క చిన్న బీప్.

"ఆఁ, ఉన్న, చెప్పు," అన్నాడు లింబాద్రి.

గుమ్మంలో నిలబడి చూస్తున్న విజయశ్రీ ఉలిక్కిపడింది. "ఎవలతోని మాట్లాడుతున్నవన్నా?"

"మిషన్‌తోనే," అని సిగ్గుపడి నవ్వాడు.

తెర మీద తేదీ తప్పు చూపించింది. లోపలి గుండ్రటి బ్యాటరీ అయిపోయి ఉంటుందని దాన్ని మార్చి తేదీ సరిచేశాడు. విండోస్ బొమ్మ వచ్చింది. కింద నీలిగీతలు పరుగెత్తాయి... పరుగెత్తి పరుగెత్తి ఆగిపోయాయి. తెర నల్లబడి మళ్లీ మొదటి నుంచి మొదలైంది. మూడుసార్లు అదే వరస. ఈ రెండో పట్టీ కూడా బలహీనపడిందని అతనికి అర్థమైంది.

విజయశ్రీ చాయ తెచ్చింది. అతని చేతిలో ఉన్న పట్టీని చూసి అదేంటని అడిగింది. ఎవరైనా అడిగితే చెప్పడం లింబాద్రికి ఇష్టం. అడిగేవాళ్లే లేరు.

"గిదే కంప్యూటర్‌కు యాది. కరెంటున్నంత సేపు అన్నీ యాది పెట్టుకుంటది. కరెంటు పోయిందనుకో, పలక తుడిచినట్టు అన్నీ మర్చిపోతది. అసలు గిది లేకుంటె మిషన్ కన్ను గూడ తెరువది."

"అన్నీ మర్చిపోతదా?"

"అన్నీ."

"మంచిగున్నది దాని పని," అంది విజయశ్రీ.

ఆమె పోలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుంది. చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. దాన్ని తిప్పుతూ, అతని మొహం చూడకుండా చెప్పింది.

"అన్నా, నిన్ను పిలిచింది అది వస్తలేదని కాదు. వద్దన్నా వస్తున్నదని."

లింబాద్రి చాయ గ్లాసు దించాడు.

"తొమ్మిది రోజులాయె. ఆరున్నరైతె సాలు, దానంతట అదే వస్తది. గాయన డ్యూటీ దిగి, తానం జేసి, లైనుకొచ్చే టైమది. క్యాంపుల అందరికీ ఒక్కటే కంప్యూటరుండె. పది నిమిషాలు గూడ కాకముందే, 'కట్ చేస్తున్న, నా ఎనుక లైన్ల ఉన్నరు' అనేటోడు."

"కొన్ని మిషన్లల్ల టైం పెట్టి లేపే సెట్టింగుంటది చెల్లె. నేను తీసేస్త."

"ప్లగ్గు గూడ పీకి చూసిన."

పన్నెండేళ్లు ఒంటరిగా ఉన్న మనిషి ఏవేవో వింటుంది, అనుకున్నాడు లింబాద్రి. తనకూ గంగమణి గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఎన్నోసార్లు వినిపించింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

"పోనీ, బయట పడెయ్యకపోయినవా?" అన్నాడు మెల్లగా.

"పడేస్తె గాయన యాడికి చేస్తడన్నా?"

బయట ఎవరో ఎడ్లను అదిలిస్తున్నారు. విజయశ్రీ గొంతు ఇంకా తగ్గింది. "మొన్నటి అమాసకు పన్నెండేండ్లు నిండినయ్. పన్నెండేండ్లు రాకుంటె పోయినట్టే లెక్క, కర్మ చెయ్యాలె, మెట్టెలు తియ్యాలె అంటున్నరు మా వాళ్లు. ఆ అమాస నాడే మొదలైంది. పేరు పెట్టి పిలుస్తడు. నేను పలుకలే. దీపాలు పెట్టే యాళ్లకు మనిషి కనిపియ్యకుంట పిలుపు ఇనవస్తె పలుకద్దని మా అత్త చెప్పేది. గదొక్కటే కాదు... పలుకకుంటె, గాయన ఏడనో బతికే ఉన్నడని అనుకోవచ్చు. పలికితె నాకు ఎరుకైతది."

ఆమె తలెత్తి అతన్ని చూసింది. "బందన్నా చెయ్యి, బాగన్నా చెయ్యి. నడిమిట్ల మాత్రం ఉంచకు అన్నా."

లింబాద్రి మళ్లీ పనిలో పడ్డాడు. టైం పెట్టి లేపే సెట్టింగు వెతికాడు. అది ఆఫ్‌లోనే ఉంది. పవర్ బటన్ ఎక్కడైనా ఇరుక్కుందేమో చూశాడు. ఇరుక్కోలేదు. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ బిగించాడు. చూస్తుండగానే కిటికీలో వెలుగు పసుపు పచ్చగా మారి, తర్వాత బూడిద రంగుకొచ్చింది. పావు తక్కువ ఏడు దాకా ఉండి, ఏమీ రాలేదని ఆమెకు చూపించి పోదామనుకున్నాడు. ఇంటికి తొందరగా పోయి చేసేదేముంది?

ఆరూ ఇరవై కాగానే విజయశ్రీ లేచింది. వీధి తలుపు వేసింది. గోడలోంచి ప్లగ్గు తనే పీకి, ఇద్దరికీ కనిపించేలా బల్ల మీద పెట్టింది. తర్వాత లైటు ఆర్పేసింది.

"లైటెందుకు తీసినవు?"

"గాయనకు నేను కనవడద్దు."

"కెమెరా వైరే లేదు గదా చెల్లె."

"తెల్వదన్నా. జర చప్పుడు చెయ్యకు."

ఆమె ధైర్యం కోసం లింబాద్రి ఒక పని చేశాడు. మెమొరీ పట్టీలు రెండూ ఊడదీసి ఎడమ చేతిలో పెట్టుకున్నాడు. "ఇగో చూడు. యాది నా పిడికిట్ల ఉన్నది. కరెంటు బల్ల మీదున్నది. ఇగ ఏమొస్తది?"

ఆమె పోయి గోడకు ఆనుకుని కూర్చుంది.

చీకట్లో తునికాకు వాసన, తంబాకు ఘాటు. కిటికీ సందులోంచి పసుపు ఆవిరి. దూరంగా హైవే మీద లారీలు. ఎక్కడో దూడ అరుస్తోంది. పక్క కళ్లంలో ఎవరో పార పట్టుకుని నేల గీరుతున్నారు. గర్... గర్... లింబాద్రి ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు. కొంచెం నిద్ర కూడా వచ్చింది.

తర్వాత ఆ చప్పుడు ఆగింది.

పార ఆగింది. దూడ ఆగింది. లారీలు ఆగాయి. ఒకటి తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒక్కసారే... ఎవరో బయట ప్రపంచానికి తలుపు వేసినట్టు. మానిటర్ వైపు ఉన్న అతని చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పాత మానిటర్ ఆన్ చేసినప్పుడు అలా అవుతుంది. కానీ దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు.

డబ్బాలో ఫ్యాను రెక్క ఒకసారి కదిలింది.

మిగిలిపోయిన కరెంటు కావచ్చు, అనుకున్నాడు. ప్లగ్గు తీసినా లోపల కాస్త మిగులుతుంది. ఒక్క క్షణం తిప్పి ఆగిపోతుంది.

ఫ్యాను ఆగలేదు. తిరిగింది. ఇంకా వేగంగా తిరిగింది.

తెర వెలిగింది.

లింబాద్రి పిడికిలి బిగించాడు. రెండు పట్టీలూ ఉన్నాయి. వాటి అంచులు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. బల్ల మీద ప్లగ్గు మూడు ఇత్తడి కాళ్లు పైకెత్తి వెల్లకిలా పడి ఉంది. తెర మీద అక్షరం లేదు, విండోస్ బొమ్మ లేదు. బూడిద రంగు... గాలికి ఇసుక కొట్టుకుపోతున్నట్టు ఒక కదలిక. స్పీకర్లలోంచి గాలి చప్పుడు. ఈ ఊళ్లో వీచే గాలి కాదు. చెట్టు తగలని గాలి.

"విజయా..."

అది భూమేష్ గొంతే. అలసిపోయిన గొంతు.

"విజయా... లైటెయ్యి. కనిపిస్తలేవు."

విజయశ్రీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"లైటెయ్యి విజయా... ఉన్నవా?"

గాలి.

"ఉన్నవా...?"

తెరలోని ఇసుక మెల్లగా పలచబడింది. అందులో ఒక తల ఆకారం. మొహం తెలియడం లేదు. దాని వెనక ఇంకో తల. దాని వెనక ఇంకోటి... ఇంకోటి... చిన్నవవుతూ లోపలికి పోతున్నాయి.

డబ్బాలోంచి ఒక్క చిన్న బీప్ వచ్చింది. అంతా సవ్యంగా ఉందని చెప్పే బీప్.

"ఆఁ, ఉన్న, చెప్పు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని లింబాద్రికి విన్నాక గానీ తెలియలేదు. విజయశ్రీ చటుక్కున అతని వైపు తిరిగింది. ఆ చీకట్లో ఆమె కళ్ల తెల్లదనం మాత్రమే కనిపించింది.

గాలి చప్పుడు ఆగింది.

"ఎవలు...?" అంది గొంతు. "లింబన్నవా?"

లేచి పరుగెత్తాలనుకున్నాడు. కానీ ఒకసారి పలికాక పలకనట్టు ఎలా ఉంటాడు?

"ఆఁ... నేనే."

"విజయ ఉన్నదా అన్నా?"

లింబాద్రి ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ మళ్లీ ఊపింది. చెప్పొద్దని చేతులు జోడించింది. అతను అబద్ధం చెప్పాలనే నోరు తెరిచాడు. అవతలి గొంతులోని అలసట అతన్ని చెప్పనివ్వలేదు.

"ఉన్నది తమ్మీ. మంచిగనే ఉన్నది."

"తింటున్నదా?"

"తింటున్నది."

"బీడీలు జేసుడు తక్కువ చెయ్యిమను. దగ్గొస్తది."

"చెప్త."

"బస్ అన్నా. గంతే అడుగుదామని..." గొంతు దూరమైంది. మళ్లీ దగ్గరికి వచ్చింది. "కట్ చెయ్యకన్నా. నా ఎనుక లైన్ల ఉన్నరు."

తెరలో ముందున్న తల ఆకారం పక్కకు జరిగింది.

అప్పుడు విజయశ్రీ లేచింది. నోట్లోంచి కొంగు లాగేసి తెర మీద పడింది. రెండు చేతులతో మానిటర్‌ను పట్టుకుంది. "ఇగో... నేను ఈడనే ఉన్న. ఇగో, వినవస్తున్నదా? నేను ఈడనే ఉన్ననయ్యా."

గాలి... గాలి...

"గాయన పోయిండక్కా," అంది ఇంకో గొంతు. బొంగురు గొంతు, కొత్తది. "ఇప్పుడు నా వంతు."

విజయశ్రీ చేతులు జారిపోయాయి. ఆమె కిందికి, బల్ల కాళ్ల దగ్గరికి కుప్పలా కూలింది.

"నాది ధర్పల్లి. మల్లయ్య అంటరు. మా అవ్వ భాగ్యవ్వ. జర చెప్తవా అన్నా? రోజు తలాపున చెంబుల నీళ్లు పెడుతది నాకోసం. ఇగ పెట్టద్దని చెప్పు. తాగిన అని చెప్పు."

టూల్‌కిట్టులో ఉన్న చిన్న పుస్తకం ఎప్పుడు తీశాడో లింబాద్రికి తెలియదు. కుడి చేత్తో రాస్తున్నాడు. తెర వెలుగులో అక్షరాలు వంకరగా పోతున్నాయి.

"జక్రాన్‌పల్లి, నర్సింలు. మా బిడ్డ అంకితను సదువు మానిపియ్యద్దని మా తమ్మునికి చెప్పు."

తర్వాత ఇంకొకడు. తర్వాత ఇంకొకడు. కొందరు పేరూ ఊరూ చెప్పి ఆగిపోయారు. ఏం చెప్పాలో మరిచిపోయినట్టున్నారు. ఒకతను ఏడ్చి పక్కకు తప్పుకున్నాడు. ఎడమ పిడికిట్లో పట్టీలు వెచ్చబడ్డాయి. వేడెక్కాయి. కాలుతున్నాయి... అయినా అతను పిడికిలి విప్పలేదు. విప్పితే ఏమవుతుందో తెలియదు.

పది పేర్లయ్యాయి. తెరలో తలలు ఒకటొకటిగా తగ్గి ఒక్కటే మిగిలింది. అది అన్నిటికంటే చివర, దూరంగా ఉంది. అది దగ్గరికి రాలేదు.

"హలో... ఎవలన్న ఉన్నరా?"

వయసులో ఉన్న గొంతు. మిగతా గొంతుల్లో ఉన్న అలసట ఇందులో లేదు. భయం ఉంది.

"ఉన్న తమ్మీ. పేరు చెప్పు."

"శ్రవణ్‌కుమార్. పెర్కిట్. అన్నా... గిది ఏ క్యాంపు?"

"ఎప్పుడొచ్చినవు?"

"తెల్వదు. ఇప్పుడే... గీడ ఎవలూ మాట్లాడుతలేరు అన్నా. అందరూ అటే చూస్తున్నరు. నా ముందటాయన భుజం మీద చెయ్యేసి పిలిచిన. మర్లి చూస్తలేడు... అన్నా, ఆయన మెడ..."

తెర ఆరిపోయింది.

ఒక్కసారిగా బయట దూడ అరిచింది. పార నేల గీరింది. గర్... గర్... హైవే మీద లారీ హారన్ కొట్టింది.

లింబాద్రి లేచి తడుముకుంటూ పోయి లైటు వేశాడు. ప్లగ్గు బల్ల మీదే ఉంది. పిడికిలి విప్పితే పట్టీలు అరచేతికి అతుక్కుని ఉన్నాయి. ఊడదీస్తే వాటి పళ్లు వరసగా ఎర్రని గీతలై చర్మంలో దిగి ఉన్నాయి. గోడ గడియారంలో ఆరూ నలభై. అంటే పది నిమిషాలే గడిచాయి.

విజయశ్రీ కింద కూర్చునే ఉంది. ఏడవడం లేదు. తెర వైపు చూస్తోంది.

"తొమ్మిది రోజులు పిలిచిండన్నా," అంది. "తొమ్మిది రోజులు."

లింబాద్రి పొరుగింటామెను పిలుచుకొచ్చి, ఆమెకు తోడుంచి, ఆర్మూర్‌కు తిరిగొచ్చాడు. దుకాణం మెట్లెక్కలేదు. బస్టాండులో జనం మధ్య చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

ఆ కంప్యూటర్ మళ్లీ రాలేదు. వారం తర్వాత లింబాద్రి పోయి కొత్త పట్టీలు వేశాడు, కరెంటు డబ్బా మార్చి చూశాడు. ఫ్యాను కూడా తిరగలేదు. బీప్ కూడా లేదు. విజయశ్రీ కర్మ చేయించింది, మెట్టెలు తీసింది. అయినా ఆరున్నరకు ఆ గదిలో కూర్చోవడం మానలేదని పొరుగింటామె చెప్పింది. ఇప్పుడు లైటు వేసుకుని కూర్చుంటుందట. మొహం కడుక్కుని, తల దువ్వుకుని.

పుస్తకంలోని పేర్లు లింబాద్రిని నిద్రపోనివ్వలేదు. పిచ్చోడంటే అననీ అనుకుని ఒక పొద్దున ధర్పల్లికి పోయాడు. భాగ్యవ్వ డెబ్బై దాటిన ముసలామె. కొడుకు గల్ఫ్‌కు పోయి, కబురు లేక ఎనిమిదేళ్లట. లింబాద్రి ఎవరి పేరూ ఎత్తకుండా, తడబడుతూ, తలాపున నీళ్లు పెట్టద్దన్నాడని, తాగానని చెప్పమన్నాడని చెప్పాడు. ఆమె చాలాసేపు అతని మొహం చూసింది. "నేను పెడుతనని మా ఇంట్లోళ్లకు గూడ తెల్వదు బిడ్డా," అంది. లోపలికి పోయి చెంబు తెచ్చి, అతని ముందే బోర్లించింది. రాత్రి నిండుగా పెట్టిన చెంబులోంచి ఒక్క చుక్క రాలలేదు.

జక్రాన్‌పల్లిలో నర్సింలు తమ్ముడు ఒక్క మాటా అడగలేదు. అంకితను రేపటి నుంచి కాలేజీకి పంపుతానని అన్నాడు. నెల రోజుల్లో పది పేర్లూ తిరిగాడు. పది ఇళ్లూ ఉన్నాయి. పది ఇళ్లలోనూ గల్ఫ్‌కు పోయినవాడు తిరిగి రాలేదు. ఇన్నేళ్ల తర్వాత జనం అతన్ని కూర్చోబెట్టి అన్నం పెట్టారు. చెయ్యి పట్టుకుని మాట్లాడారు. అది అతనికి బాగుంది. బాగున్నందుకు భయం కూడా వేసింది.

చివరి పేరు మిగిలింది. పెర్కిట్ ఎంతో దూరం కాదు, దుకాణం నుంచి నడిచిపోవచ్చు. అందుకేనేమో రోజూ రేపనుకున్నాడు. ఆ గొంతులోని భయం ఇంకా అతని చెవుల్లో ఉంది. ఆ ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలి? శ్రవణ్‌కుమార్ ఏ కబురూ చెప్పలేదాయె.

ఏప్రిల్ మొదట్లో ఒక పగటి పూట పోయాడు. చిన్న డాబా ఇల్లు. తలుపు తీసే ఉంది. లోపల ముప్పై ఏళ్ల మనిషి మోకాళ్ల మీద కూర్చుని, మామిడికాయ తొక్కు డబ్బాలున్న అట్టపెట్టెకు ప్లాస్టిక్ తాడు బిగిస్తున్నాడు. పక్కన కొత్త సూట్‌కేసు ఉంది.

"శ్రవణ్‌కుమార్ ఇల్లు గిదేనా?" అన్నాడు లింబాద్రి.

"నేనే అన్నా. చెప్పు."

లింబాద్రి గుమ్మాన్ని పట్టుకున్నాడు.

"యాడికి పోతున్నవు తమ్మీ?"

"గల్ఫ్‌కు. ఇదే మొదటిసారి. ఎల్లుండి ఫ్లైటు." అతను నవ్వాడు. "ఏం పని మీద వచ్చినవన్నా?"

లింబాద్రి నోట్లోంచి ఒక్క మాటే బయటికొచ్చింది.

"పోకు తమ్మీ."

శ్రవణ్‌కుమార్ నవ్వలేదు. కోపం తెచ్చుకోలేదు. తాడు లాగుతున్న చేతులు ఆగిపోయాయి. తల పక్కకు వంచి, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు లింబాద్రిని చూశాడు.

"నీ గొంతు నేనేడనో విన్ననన్నా," అన్నాడు మెల్లగా. "ఏడనో తెలుస్తలేదు... మస్తు చీకటుండె. నా ముందట ఎవలో నిలవడి ఉండె."